పాత కారు మొరాయిస్తే...

2014లో తయారీ ఆగినా మారుతీ 800లు మన వీధుల్లో ఇంకా కనిపిస్తున్నాయి. ఆస్పత్రికో, రైలుకో బయల్దేరే వేళ ఆ పాత బండి మొరాయిస్తే కంగారుగా సెల్ఫ్ కొడుతూనే ఉండకండి. కాస్త చెవిపెట్టి వినండి. రోగమేంటో శబ్దమే చెబుతుంది.

'టిక్ టిక్'మని ఆగిపోతోందా? హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. వెలుగు బాగా తగ్గితే బ్యాటరీనో, దాని టెర్మినళ్లనో అనుమానించాలి. టెర్మినళ్లపై తెల్లటి పొడి పేరుకుంటే ముందు మైనస్, తర్వాత ప్లస్ వైరు విప్పండి. వంటసోడా నీళ్లలో ముంచిన బ్రష్‌తో రుద్ది, ఆరాక ముందు ప్లస్ వైరు బిగించండి. వెలుగు తగ్గకపోతే సెల్ఫ్ మోటారునో, దాని వైర్లనో చూపించాలి.

ఇంజిన్ తిరుగుతున్నా అంటుకోవట్లేదా? పెట్రోలైనా అందట్లేదు, స్పార్కైనా రావట్లేదు. కార్బురేటర్ బండైతే చలి ఉదయాల్లో చోక్ లాగండి. పెట్రోలు వాసన గుప్పుమంటే చోక్‌ని తిరిగి లోపలికి నెట్టేసి, పది నిమిషాలాగి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి ప్రయత్నించండి. వానాకాలమైతే తాళం తీసేసి, డిస్ట్రిబ్యూటర్ మూతలోని తేమ తుడవండి.

సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు దాటకూడదు. పెట్రోలు కారుతుంటే మాత్రం దేన్నీ ముట్టుకోకుండా మెకానిక్‌ని పిలవండి. 'ఇంజిన్ తిరుగుతోందా, లేదా?' అన్నది చెప్పగలిగితే చాలు, అక్కర్లేని కొత్త బ్యాటరీ ఖర్చు తప్పినట్టే!