మోచేయి విరిగినది ఉద్యోగికి, కోత పడినదీ ఉద్యోగికే!



పట్టాల వెంట నడిచే ట్రాక్‌మన్ కంకరపై జారినా, ఉత్తరాల సంచితో సైకిలుపై పోయే పోస్టుమాన్ వాననీటి గుంటలో పడినా, నేలకు ముందుగా తగిలేది చేయి. మోచేయి విరుగుట మన రెండు శాఖల వారికీ కొత్త ప్రమాదము కాదు. విరిగిన ఎముకను డాక్టరు అతికించగలడు. ఆ తరువాత బిల్లు పేరిట ఉద్యోగి జేబుకు పడుతున్న చిల్లును అతికించేవారే లేరు.

ఇటీవల మా దృష్టికి వచ్చిన ఒక ఉదంతము చెప్పుచున్నాము. ఒక పోస్టుమాన్ సోదరుడు డ్యూటీలో పడిపోగా, మోచేతి కీలులోపలనే ఎముక చీలినది. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో రెండు ప్లేట్లు వేసి ఆపరేషన్ చేసినారు. డిశ్చార్జి కాగితములో మాత్రము 'మోచేయి ఫ్రాక్చరు, ఆపరేషన్' అని ముక్తసరిగా వ్రాసి పంపినారు. ఆ ఒక్క మాటను పట్టుకొని కార్యాలయము వారు ఆ క్లెయిమును తక్కువ రేటు గల పంక్తిలో చేర్చి, మిగిలినది కొట్టివేసినారు. కారణమడిగితే వచ్చిన సమాధానము: 'రేటు మేరకు పరిమితము చేయడమైనది.' ఆ పరిమితి దాటిన మొత్తమును మన సోదరుడు క్రెడిట్ సొసైటీలో అప్పు చేసి తీర్చుచున్నాడు.

'మోచేయి ఆపరేషన్' అనునది ఒకే పని కాదు. అక్కడ మూడు ఎముకలు కలియుచున్నవి: పైచేతి ఎముకయైన హ్యూమరస్, ముంజేతి ఎముకలైన రేడియస్, అల్నా. మోచేతి మొన విరిగితే వెనుక కండరము ఆ ముక్కను పైకి లాగివేయును. సామాన్యముగా పిన్నులు, తీగతో దానిని బిగించెదరు. హ్యూమరస్ కింది కొన కీలులోనికి చీలితే అది పెద్ద ఆపరేషన్. కీలును చూచుటకై సర్జను మోచేతి మొనను తానే కోసి, పని ముగించి, మరల దానిని బిగించుట కూడ కద్దు. పక్కనే పోవు అల్నా నరమును కాపాడవలెను. రేడియస్ తల నుగ్గయితే కృత్రిమ భాగము అమర్చవలసి రావచ్చును. వీటి శ్రమ వేరు, సామగ్రి వేరు, ఖర్చు వేరు. కాగితముపై మాత్రము అన్నియు 'మోచేయి ఆపరేషన్' అను రెండు మాటలే!

నియమములు చూతము. సి.జి.హెచ్.ఎస్. లేనిచోట తపాలా ఉద్యోగికి వర్తించునవి 1944 నాటి వైద్య సదుపాయ నియమములు. రైల్వేకు సొంత ఆసుపత్రులున్నవి. అక్కడినుండి రిఫరల్‌పై పోయినవాని బిల్లు రైల్వే చూచుకొనును. కాని రోడ్డుపక్క స్టేషన్‌లో పడి, ప్రాణభయముతో దగ్గరి ఆసుపత్రికి పోయినవాడు క్లెయిము కాగితములు పట్టుకొని తిరుగవలసినదే. చెల్లింపుకు సామాన్యముగా కొలబద్ద సి.జి.హెచ్.ఎస్. ప్యాకేజీ రేటు: అయిన ఖర్చు, ఆ రేటు, రెంటిలో ఏది తక్కువైతే అది. గది, ఆపరేషన్ థియేటరు, మత్తు, సర్జను ఫీజు, మందులు, కట్లు అన్నియు ప్యాకేజీలోనివే. ప్యాకేజీలో చేరని ప్లేట్లు, స్క్రూలకు పరిమితికి లోబడి విడిగా ఇత్తురు. వాటి స్టిక్కరు, ఇన్‌వాయిసు లేకున్న ఆ మొత్తమునకు నీళ్లు వదలుకొనవలసినదే. ఒకే ఆపరేషన్‌లో పెద్ద పనికి పూర్తి రేటు, దానితో కలిసిన చిన్న పనికి సగమే అనునది చాలాకాలపు పద్ధతి. కనుక ఏ పని చేసిరో, ఏ పంక్తి కిందకు వచ్చునో తెలిపే మాటయే వేల రూపాయలను తేల్చును.

అమెరికాలో ఈ పనులకు 1966 నుండి సంకేత సంఖ్యల గ్రంథమున్నది. హ్యూమరస్ కింది భాగపు విరుగుడును కోసి సరిచేసినప్పుడు, చీలిక రెండు కొనల నడుమ కీలులోనికి పోకున్న 24545, పోయినచో 24546. అక్కడి ప్రైవేటు బీమా దోపిడిని మేము మెచ్చుకొనుట లేదు. కాని ఆ సంఖ్యలను అమెరికా రోగుల బిల్లులపై వ్రాయు పని హైదరాబాదులో వేలాది మన బిడ్డలు రాత్రింబగళ్లు చేయుచున్నారు. కొడుకు అమెరికావాని మోచేతికి ఆ తేడాను తప్పక గుర్తించవలెనట. ఇచ్చట తండ్రి మోచేతికి రెండు మాటలు చాలునట! ఇది ఎక్కడి న్యాయము?

'దొంగ బిల్లులు వచ్చుచున్నవి, అందుకే కోత' అని అధికారులు అనుచున్నారు. బిల్లు పెంచు ఆసుపత్రులున్నమాట మేము కాదనము. అయితే బిల్లు వ్రాసినది ఎవరు? ఆసుపత్రి. దానికి గుర్తింపు ఇచ్చినది ఎవరు? ప్రభుత్వము. మత్తులో బల్లపై పడియున్న ఉద్యోగి ఏమి వ్రాసినాడు? నేరము ఒకరిది, జరిమానా మరొకరిదా? క్లెయిములు చూచు గుమాస్తాను కూడ మేము నిందించుట లేదు. అతడును మన సోదరుడే. ఆడిట్ అభ్యంతరమునకు జడిసి తక్కువ పంక్తినే పట్టుకొనుచున్నాడు. ఎముకల డాక్టరు తేల్చవలసినదానిని అతని నెత్తిన పెట్టిన వ్యవస్థదే తప్పు.

2018లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది: ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణముపై క్లెయిము నిరాకరించరాదు, చికిత్స నిజముగా జరిగినదా, దానికి వైద్య రికార్డులున్నవా అన్నదే చూడవలెను. సి.జి.హెచ్.ఎస్. రేట్లను 2014 తరువాత 2025 అక్టోబరులో గాని సమగ్రముగా సవరించలేదు. ఇన్నేండ్ల తేడాను భరించినది ఎవరు? మనమే. ఇక గ్రామీణ డాక్ సేవకులకు 1944 నియమములు అసలు వర్తించనే వర్తించవు. వారి మోచేయి ఎముక కాదా?

మా కోర్కెలు ఇవి:

1. ఏ ఎముక, ఎచ్చట, కీలులోనా వెలుపలనా, ఏ పని చేసిరి అను వివరము సర్జను సంతకముతో డిశ్చార్జి కాగితములో ఉండవలెను.

2. కోత విధించుటకు ముందు ఎముకల డాక్టరు అభిప్రాయము తీసుకొని, కారణమును వ్రాతపూర్వకముగా తెలుపవలెను.

3. గుర్తింపు పొందిన ఆసుపత్రి రేటు మించి వేసిన సొమ్మును ఆ ఆసుపత్రినుండే రాబట్టవలెను.

4. కీలు బిగిసిపోకుండ చేయించు ఫిజియోథెరపీకి, డిశ్చార్జి తరువాత కూడ పూర్తి చెల్లింపు ఉండవలెను. చేయి చాపలేనివాడు సుత్తి పట్టలేడు, సంచి మోయలేడు.

5. గ్రామీణ డాక్ సేవకులకు వైద్య సదుపాయము కల్పించవలెను.

అంతవరకు ప్రతి సభ్యుడు ఆపరేషన్ నోట్సు, ఎక్స్‌రేలు, ప్లేట్ల స్టిక్కర్లు, వివరమైన బిల్లు చేతికి రానిదే ఆసుపత్రి గడప దాటరాదు. కోత పడిన క్లెయిము కాగితములను బ్రాంచి కార్యదర్శికి వెంటనే అందజేయవలెను. ఒంటరి దరఖాస్తు ఫైలులో పడియుండును. వంద క్లెయిములు ఒకే కట్టగా బల్లపై పడినప్పుడు అధికారి చదువక తప్పదు. ఆ కట్టను కట్టుటకు మేము సిద్ధముగా ఉన్నాము. మీ కాగితములు పంపుడు!