సైన్సు బీరువా తాళం తీయించాలి

మన ఊళ్ల హైస్కూళ్లలో ఒక ఇనప బీరువా ఉంటుంది. అందులో అయస్కాంతాలు, కటకాలు, పరీక్షనాళికలు ఉంటాయి. తనిఖీ రోజున దుమ్ము దులుపుతారు. మర్నాటికి మళ్లీ తాళం. ఎందుకయ్యా అంటే ‘ఈ పిల్లలు పగలగొడతారు’ అంటారు. ఈ పిల్లలంటే ఎవరి పిల్లలో మనకి తెలియంది కాదు. చాలా చోట్ల ఆ దుమ్ము దులిపేదీ వాళ్లే. దులపటానికి పనికొచ్చిన చేతులు ప్రయోగానికి పనికిరావా?

‘మీ వాళ్లకి సైన్సు ఎక్కదు’ అనే మాట ఇంకా వింటూనే ఉన్నాం. ఎక్కకపోవటం కాదు, ఎక్కనివ్వకపోవటం. మాలో టీచర్లమూ ఉన్నాం. ధ్వని పాఠాన్ని నల్లబల్ల మీద గీతలు గీసి ముగించిన తప్పు మాదీ ఉంది. కాబట్టి ముందు మమ్మల్ని మేమే అడుక్కుంటున్నాం. వాడలో డప్పు ఉండగా గీతలెందుకు?

డప్పు మీద చిటికెడు రాగులు చల్లి, అంచున మెల్లగా కొట్టండి. గింజలు ఎగురుతాయి. ధ్వని అంటే కంపనమని పిల్లోడు కళ్లారా చూస్తాడు. రెండో డప్పు మీద గింజలు పోసి దగ్గర పెట్టి, మొదటిదాన్ని గట్టిగా కొట్టండి. ముట్టని డప్పు మీద కూడా గింజలు కదులుతాయి. కంపనాన్ని గాలి మోసుకెళ్లింది. ఇప్పుడు డప్పును మంట సెగకు కాపండి. తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది, సెకనుకు కంపనాలు పెరుగుతాయి, మోత కీచుగా మారుతుంది. వానలో డప్పు ఎందుకు మూగబోతుందో మన తాతలకి తెలుసు. దాని పేరు భౌతికశాస్త్రమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే.

లంద దగ్గరికి రండి. సున్నం నీళ్లలో నానితే తోలు మీది వెంట్రుకలు వదులవుతాయి. తంగేడు చెక్కలో, కరక్కాయలో టానిన్ అనే పదార్థం ఉంది. అది తోలులోని ప్రోటీన్‌ని పట్టుకుని కుళ్లకుండా చేస్తుంది. కరక్కాయ కషాయంలో కొంచెం అన్నభేది కలిపి చూపించండి, నల్ల సిరా తయారవుతుంది. తోలు కుళ్లకుండా చేసిన పదార్థమే అక్షరానికి సిరా ఇచ్చింది. తోలు పని చేసినవాణ్ణి ఊరి బయట పెట్టి, ఆ సిరాతో శాస్త్రాలు రాసుకున్న దేశం మనది!

ఇక్కడ ఒక హెచ్చరిక. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం బడి వేళల్ని మూడు గంటలకు తగ్గించి, మిగతా పొద్దు తండ్రి వృత్తి నేర్చుకోమంది. కుల చదువని పెరియార్ లాంటి వాళ్లు తిరగబడ్డారు. 1954లో కామరాజ్ వచ్చాక అది రద్దయింది. మేము చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. డప్పు బడిలోకి రావాలనేది మాదిగ పిల్లోణ్ణి డప్పు దగ్గరే కట్టెయ్యటానికి కాదు. రెడ్డిగారి పిల్ల కూడా దాన్ని చేత్తో పట్టుకోవాలి, మాదిగ పిల్ల బీరువాలోని కటకాన్ని పట్టుకోవాలి. రెండూ జరిగితేనే సైన్సు. ఒక్కటే జరిగితే అది మళ్లీ కులమే.

నీళ్ల సంగతీ అంతే. ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో, వాడ బోరు నీళ్లు ఒక సీసాలో సమానంగా పొయ్యండి. ఒకే కొలత సబ్బు తురుము వేసి, లెక్కపెట్టి ఇరవైసార్లు కుదపండి. నురగ తక్కువ వచ్చింది కఠిన జలం. వాడ నీళ్లే కఠినంగా తేలితే, పిల్లలు ఆ లెక్క రాసుకుని పంచాయతీ దగ్గరికి వెళ్లొచ్చు. తర్వాత ఒకే బోరు నీళ్లని నలుగురు పిల్లలు వేరువేరు సీసాల్లో పట్టి తెమ్మనండి. ఏ సీసా ఎవరు ముట్టారో సబ్బు చెబుతుందా? చెప్పదు. అంబేడ్కర్ గారిని చిన్నప్పుడు బడిలో కుళాయి ముట్టనివ్వలేదు. 1927 మార్చి 20న మహద్‌లో ఆయన చవదార్ చెరువు నీళ్లు తాగితే, తర్వాత దాన్ని ‘శుద్ధి’ చేశారు. ఏ మలినాన్ని తీశారో ఏ ప్రయోగశాలా చూపించలేదు. అంటరానితనం మన క్లాసులో ఓడిపోయే మొదటి పరీక్ష ఇదే.

బడిలో డప్పేందని ఊళ్లోంచి మాట వస్తుంది. ఆ రోజు టీచర్ ఒంటరి కాకూడదు. శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో, 51-ఎ అధికరణంలో చేర్చారు. ఆ కాగితం చేతపట్టుకుని సంఘం వాళ్లు పక్కన నిలబడాలి.

తల్లిదండ్రులారా, బడి కమిటీ మీటింగుకి పొండి. ‘బీరువా ఆఖరుసారి ఎప్పుడు తెరిచారు? మా పాప చేత్తో ఏ ప్రయోగం చేసింది?’ అని అడగండి. కార్యకర్తలారా, అంబేడ్కర్ భవనంలో వారానికొక సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టండి. డప్పు, సున్నం, సబ్బు, సీసాలు చాలు.

కార్ల్ సేగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేములని 2016 జనవరి 17న పోగొట్టుకున్నాం. అలాంటి కోరిక మన వాడల్లో ఇంకెంతమందిలో ఉందో, ఆ తాళం తీస్తేనే తెలుస్తుంది.

జై భీమ్!