చిత్తడినేలకు కాలిబాట

మన పత్రికలలో కొల్లేటి పేరు సాధారణముగా రెండు సందర్భములలో కానవచ్చుచుండును: వరద పొంగి లంకగ్రామములు మునిగినప్పుడొకటి, చేపలచెరువుల ఆక్రమణలను గూర్చి న్యాయస్థానము ఏదేని ఉత్తరువు వెలువరించినప్పుడు మరియొకటి. ఈ రెండింటికి నడుమ, సంవత్సరము పొడవునను ఆ నీటిలో ఏ గడ్డి మొలచుచున్నదో, ఏ పిట్ట గుడ్లు పొదుగుచున్నదో, ఏ కాలువ పూడిపోవుచున్నదో, అక్కడ వల వేసి బ్రదుకువానికి తప్ప చదువుకొన్న పట్టణవాసులలో బహుకొలదిమందికి మాత్రమే తెలియును. దీనిని జనుల ఉదాసీనత యని కొట్టివేయుట న్యాయము కాదు. ఏలూరినుండి కైకలూరునకు కారులో పోవువానికి కిటికీలోనుండి కనబడు కొల్లేరు కొంత పచ్చదనము, కొంత నీటిమెరుపు మాత్రమే. దానికొరకై చింతింపవలసినంత పరిచయము అతనికి ఎక్కడనుండి కలుగును? పరిచయము కలుగవలెనన్నచో కారు దిగి, గట్టెక్కి, తీరికగా ఒక పూట నడువవలెను. అట్లు నడుచుటకు అనువైన బాటలను, ఒకటిరెండు చోట్ల తప్ప, మన చిత్తడినేలలలో మనము ఏర్పరచుకొనలేదు. ఆ బాటలను అడుగుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఈ కాలమున యువజనులలో కాలినడక యాత్రలపై అభిరుచి పెరిగినది. మూటలు వీపున కట్టుకొని నల్లమలకును, అరకు కొండలకును, హిమాలయములకును పోవువారు తెలుగునాట ఇప్పుడు పెక్కుమంది. అది సంతోషింపదగిన విషయమే. అయితే కొండ యెక్కువాని మనస్సు సదా శిఖరముపైననే యుండును. ఎంత యెక్కితిమి, ఇంకెంత మిగిలినది యను గణనలో దారిప్రక్కనున్నది కంటబడక పోవుటయు కలదు. చిత్తడినేలలో శిఖరము లేదు. డెబ్బది దాటిన వృద్ధురాలును, ఆమె చేయి పట్టుకొన్న మనుమడును, పనులలో అలసిన గృహస్థుడును ఒకే వేగముతో, ఒకే గట్టుపై, ఆయాసము లేకుండ నడువగల ప్రదేశము ప్రకృతిలో మరియొకటి అరుదు. ఆ వేగము మందమైనదగుటయే దాని గొప్పతనము.

నేలపట్టు చూచినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. తిరుపతి జిల్లా దొరవారిసత్రము మండలమున, పులికాటు సరస్సునకు చేరువలో, 1976లో పక్షుల రక్షణకేంద్రముగా ప్రకటింపబడిన ఈ ప్రదేశము సుమారు 459 హెక్టార్లు మాత్రమే. ఈశాన్య ఋతుపవనము తెచ్చిన వానలకు చెరువు నిండి, నీటిలోననే మొలచి పెరిగిన కడపచెట్లు మొదలంట మునిగినంతనే, గూడబాతులు వచ్చి ఆ కొమ్మలపై గూళ్లు కట్టనారంభించును. చెట్టు నీటిలో నున్నంతవరకే గూటికి రక్షణ; నీరు తీసిపోయి నేల బయటపడెనా, కుక్కలకును నక్కలకును దారి దొరకినట్లే. కావున ఆ పక్షి సంసారమంతయు చెరువులోని నీటిమట్టముపై ఆధారపడియున్నది. ఈ సత్యమును గ్రంథములలో చదివి గ్రహించుట యొక తీరు. ప్రాతఃకాలమున గట్టుపై నిలిచి, చెట్టు మొదట నీరెంత యున్నదో, పైన గూటిలోని పిల్ల యెంత యెదిగినదో ఒకే చూపులో చూచుట వేరొక తీరు. పిల్లల అరపులు పక్షులు కనబడుటకు ముందే వినవచ్చును. రెట్టలతో ఆకులు సున్నము చల్లినట్లు తెల్లబడి యుండును. ఆ రెట్ట కలిసిన నీరు పొలములకు పారిన పైరు ఏపుగా పెరుగునని రైతులు తరతరములుగా ఎరిగియున్నారు. తమకు ఎరువిచ్చు పక్షిని వారు పోనాడలేదు. నేలపట్టునను, శ్రీకాకుళము సీమలోని తేలినీలాపురమునను అటవీశాఖ రాకమునుపే పక్షులకు రక్షణ దొరకుటకు గ్రామస్థుల ఈ యెరుకయే మొదటి కారణమని నా విశ్వాసము.

నడకవేగమున మాత్రమే కంటబడు విశేషములు అనేకములు గలవు. నత్తగుల్ల కొంగ ముక్కు కొనలు కలిసినను నడుమ సందు మిగిలియుండును. ఆ సందు పిల్లకు ఉండదు, వయస్సుతో వచ్చును. బురదలోని నత్తలను పట్టి వాటి మాంసమును వెలికిదీయుటకు ఆ ముక్కు అనువైనది. ఎర్రకాళ్ల కొంగ చేపను చూచి పొడుచునని మనము తలపోయుదుము. కాని అది సగము తెరచిన ముక్కును నీట ముంచి ఇటునటు త్రిప్పుచు నడచును, చేప తాకినంతనే ఠక్కున మూయును. కలకనీరు దానికి అడ్డు కానేకాదు. మునిగి లేచిన పాముమెడ పిట్ట రెక్కలు చాచి మోడుపై కూర్చుండుట చూచి విలాసమనుకొనరాదు: దాని ఈకలు నీటిని పీల్చుకొనును గనుకనే అది లోతున సులభముగా ఈదగలదు, కనుకనే ప్రతిమారును ఆరవేసికొనవలసి వచ్చును. ఇక తామరాకులపై పొడవైన వ్రేళ్లతో నడుచు చిన్నపక్షులున్నవే, వాటి కాపురము మరింత వింతయైనది: ఆడుది గుడ్లు పెట్టి వెడలిపోవును, వానకాలమున తేలు గూటిపై కూర్చుండి పొదుగు భారము మగదానిది. ఇవి యన్నియు ఒక గంట ఓర్మితో ఒకచోట నిలిచినవానికి కనబడునవే. కారులోనుండి చూచినవానికి తెల్లని పిట్టలు, నల్లని పిట్టలు అని మాత్రమే తెలియును.

ఇచ్చట ఒక పొరపాటు నమ్మకమును గూర్చి చెప్పవలసియున్నది. తెలుగునాట గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును సైబీరియానుండి వచ్చినవని జనులు చెప్పుకొనుటయు, అప్పుడప్పుడు అచ్చగుటయు గలదు. ఇవి మన దేశపు పక్షులే. నీరును ఆహారమును వెదకుకొనుచు ఇక్కడనే ఒక సీమనుండి మరియొక సీమకు పోవుచుండును. ఉత్తరపు చలిదేశములనుండి వచ్చు బాతులు వేరు. తలపై రెండు నల్లచారలు గల బాతులు హిమాలయములను దాటి వచ్చుట నిజమే. ఈ భేదము తెలియుట పాండిత్యము కొరకు కాదు. దూరపు అతిథులని తలచినప్పుడు వాటి క్షేమము ఎక్కడివారిదో బాధ్యతగా తోచును. ఇక్కడనే పుట్టి ఇక్కడనే గూడు కట్టు ప్రాణులని తెలిసినప్పుడు ఆ బాధ్యత మన చెరువుకట్టకు వచ్చి నిలుచును.

కాలిబాటతో ఒక చిత్తడినేలను ఎట్లు ప్రజలకు దగ్గర చేయవచ్చునో తెలిసికొనుటకు రాజస్థానములోని భరత్‌పూరును చూడవలెను. అచ్చటి కేవలాదేవ్ జాతీయోద్యానము 29 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలది. మానవులు గట్లుకట్టి నీరు నింపిన ప్రదేశమే గాని దైవనిర్మితమైన సరస్సు కాదు. ఒకప్పుడది రాజుల వేటపట్టు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిననాడు ఒక్కదినమున 4,273 పక్షులు కూలినవని అచ్చటి శిలాఫలకమే చెప్పుచున్నది. ఆ నేలయే 1981లో చిత్తడినేలల రక్షణకై దేశములు చేసికొన్న రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరి, 1985లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపు పొందినది. నన్ను ఆకర్షించునది ఈ బిరుదులు కావు. ఒక హద్దు దాటిన పిమ్మట సందర్శకుల కారులకు అచ్చట ప్రవేశము లేదు; నడచియో, సైకిలుపైనో, రిక్షాలోనో పోవలెను; ఉద్యానము నడుమనున్న శివాలయమువరకు చెట్లనీడన పోవు దారికి ఇరువైపులను నీరు; ప్రధానమార్గము విడిచినచో మట్టిగట్లపై సన్నని బాటలు. రిక్షా త్రొక్కువారికి పక్షులను గుర్తించు శిక్షణ యిచ్చిరి. ఏ చెట్టున ఏ గుడ్లగూబ నిద్రించునో వారికి తెలియును, ఆ తెలివియే వారికి జీవనాధారమైనది. అచ్చట పక్షి నిలిచినంతకాలమే తమ కుటుంబము నిలుచునని వారెరుగుదురు. బాట యున్నంతమాత్రమున సర్వమును దక్కునని చెప్పజాలను. సైబీరియా కొక్కెరలు భరత్‌పూరున 2002 తరువాత కనబడలేదు, అచ్చటికి వచ్చు ఆ గుంపు నశించుటకు కారణములు అనేక దేశముల దారిలో నున్నవి. అయినను ఆ కొక్కెర రాకపోవుట దేశమంతయు తెలిసికొని దుఃఖించినదన్నచో, నడచి చూచినవారు వేలమంది యుండుటచేతనే.

ఇట్టి బాటలు వేయుటకు ఒక ఆక్షేపణ కలదు, అది తేలికగా త్రోసివేయదగినది కాదు. పక్షులు బండిని చూచి బెదరినదానికంటె నడచు మనుష్యుని చూచి ఎక్కువగా బెదరును. గూటిపైనున్న తల్లి లేచిపోయినచో గుడ్లు ఎండకును కాకులకును గురియగును. కావున బాట వేయుటయన గూటిచెట్లక్రిందకు జనులను తోలుట కాదు. చెరువునకు ఒకవైపు మాత్రమే బాట యుండవలెను. గూళ్లకు ఎదురైనచోట వెదురు తడికలో, తాటాకు దడులో కట్టి, కన్ను పట్టునంత సందులు విడువవలెను. గుడ్లు పెట్టు నెలలలో కొంతభాగమును మూసివేయవలెను. పాటలపెట్టెలకును, డ్రోనులకును చోటీయరాదు. మనుష్యునికి హద్దు ఏర్పడిన చోట పక్షి కొన్నాళ్లకు ఆ హద్దును గుర్తించి నెమ్మదించును. హద్దులేని నేటి స్థితియే వాటికి అధికమైన హాని. మడచెట్ల నడుమ బురదను త్రొక్కకుండ నడచుటకై కాకినాడ సమీపమున కోరంగిలో వేసిన చెక్కబాట ఇట్టి హద్దుకు మన ఇంటనేయున్న దృష్టాంతము.

ఇక కొల్లేరు. కృష్ణాగోదావరులు తెచ్చిన ఒండ్రుతో రెండు డెల్టాలును సముద్రమువైపు పెరుగగా నడుమ మిగిలిన పల్లమిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన వరదను తనలో నిలుపుకొని ఉప్పుటేటి గుండా మెల్లగా సముద్రమునకు విడుచుట దీని పని. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ పట్టికలో చేరెను. 2005, 2006 సంవత్సరములలో ప్రభుత్వము పేలుడుపదార్థములతో చేపలచెరువుల గట్లను పగులగొట్టెను. పిదప పెక్కుచోట్ల ఆ గట్లు మరల లేచినవి. చట్టము బలము చూపినను ప్రజ దానివెంట లేకపోయెను. తాటిదోనెలపై తిరిగి, వెదురు మావులతో చేపలుపట్టి తరతరములు జీవించిన లంకవాసులు ఒకవైపున జీవనోపాధిని గూర్చి భీతిల్లుచుండిరి. మరియొకవైపున డెల్టా పట్టణములలోనివారు ఇది తమ విషయము కాదనుకొనిరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ వీధులలో పడవలు తిరిగినప్పుడు గాని, ఆ ఏరు పోయి చేరు పల్లము పేరేమని అడిగినవారు లేరు.

కొల్లేటి చెంతనున్న ఆటపాకలో గూడబాతులకొరకు నీటిలో ఇనుపమంచెలు నిలిపినారు, పడవలు నడుపుచున్నారు. అది మంచి ఆరంభమే. కాని పడవయాత్ర కొద్దిసేపటి వేడుక. కావలసినది గట్టుపై బాట. సిమెంటు వలదు, రాత్రి దీపములు వలదు. గుర్రపుడెక్కను తొలగించి, గట్టును మట్టితో బలపరచి, నీడకు ఆ నేలలో పెరుగు చెట్లనే నాటి, అక్కడక్కడ కూర్చుండుటకు బల్లలును, త్రాగునీరును, ఆడువారికి మరుగుదొడ్లును ఏర్పరచినచో చాలును. దారి చూపు పని లంకగ్రామముల యువకులకే, యువతులకే యీయవలెను; కొరమేను ఎక్కడ దాగునో, ఏ నెలలో ఏ పిట్ట వచ్చునో వారికంటె బాగుగ చెప్పగలవారు లేరు. కొల్లేటికోట పెద్దింటి అమ్మవారి ఫాల్గుణ జాతరకు వచ్చు భక్తులకొరకు ఆ వైపున రెండవ బాట వేయవచ్చును. అమ్మవారిని సేవించి వచ్చినవారు ఆమె చుట్టునున్న నీటిని చూడక మరలిపోవుట నాకు ఎన్నడును బాధగనే యుండును.

ఇది భారీ వ్యయముతో కూడిన పని కాదు, ఒక్క వేసవిలో మొదలిడదగినది. 1971లో రామ్‌సార్ నగరమున ఒడంబడిక కుదిరిన ఫిబ్రవరి 2వ తేదీ ఏటేట చిత్తడినేలల దినముగా జరుపబడుచున్నది; ఆ దినమున సభామందిరములలో ఉపన్యాసములు తగ్గించి, ఏలూరు, కైకలూరు, భీమవరముల పాఠశాలల పిల్లలను తరగతికొక మార్గదర్శితో ఆటపాక గట్టుపై ఉదయపు వేళ నడిపించుటకు అటవీశాఖయు, విద్యాశాఖయు కలిసి పూనుకొనవలెనని, అంతకుముందే ఒక మైలు బాటనైనను సిద్ధపరుపవలెనని కోరుచున్నాను.