టిక్ టిక్ ఆగింది... గ్యాస్ ఆగలేదు!

పిల్లల స్కూలు బస్సు రావడానికి ఇంకా ముప్పావుగంటే ఉంది. ఉప్మాకి మూకుడు పెట్టి స్టవ్ నాబ్ తిప్పాను. టిక్ టిక్ అనాల్సింది, ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ తిప్పాను. ఊహూఁ. మూడోసారి, నాలుగోసారి...

పోనీ లైటర్‌తో వెలిగిద్దామంటే, ఆటో ఇగ్నిషన్ స్టవ్ కొన్నాక లైటర్ ఎక్కడ పడేశామో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి! పూజగదిలోంచి అగ్గిపెట్టె తెచ్చాను. ఆ తొందరలో నాబ్ పూర్తిగా ఆపానో లేదో చూసుకోలేదు. పుల్ల గీశానో లేదో భగ్గుమంది! నా అదృష్టం, చేతి మీద నూగు మాత్రమే కాలింది. పమిటచెంగు నడుముకి బిగించి ఉండబట్టి సరిపోయింది.

అత్తయ్యగారు పరుగున వచ్చి నా చెయ్యి నీళ్ళ కింద పెట్టారు. "మా రోజుల్లో ముందు పుల్ల గీసి, ఆ తర్వాతే మర తిప్పేవాళ్ళం. నువ్వు ముందు మర తిప్పి, తర్వాత అగ్గిపెట్టె వెతుక్కున్నావమ్మా" అన్నారు.

ఆ ఒక్క మాటలో అసలు సంగతంతా ఉంది. ఆటో ఇగ్నిషన్ స్టవ్‌లో గ్యాసూ, నిప్పురవ్వా ఒకేసారి వస్తాయని మన ధీమా. కానీ రవ్వ రావడం మానేసినా గ్యాస్ రావడం మానదు. ఇగ్నైటర్ పాడవడం చిన్న రిపేరే. పాడైందని తెలిసి కూడా నాబ్ తిప్పుతూ కూచోవడమే పెద్ద ప్రమాదం.

ముందు జాగ్రత్త, తర్వాత రిపేరు

నాబ్ తిప్పి మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ మంట రాకపోతే వెంటనే నాబ్ ఆపేయండి. కిటికీ తీసి, నాలుగైదు నిమిషాలు ఆగండి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. పైకి పోకుండా స్టవ్ గట్టు మీదా, కిందా పేరుకుంటుంది. గాలిలో నూటికి సుమారు రెండు పాళ్ళు కలిస్తే చాలు, అంటుకుంటుంది. వాసన పూర్తిగా పోయాక, అత్తయ్యగారి పద్ధతే పాటించండి. ముందు పుల్ల, తర్వాత నాబ్.

వాసన పోకపోతే రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవండి. లైటు, ఫ్యాను స్విచ్చులు వెయ్యకండి, ఆపకండి. అందరూ బయటికొచ్చి, బయటినుంచే 1906కి ఫోన్ చెయ్యండి. అది గ్యాస్ లీకుల కోసం పెట్టిన అత్యవసర నంబరు.

మీ ఇంట్లో ఏ రకం?

ఇగ్నైటర్లు ముఖ్యంగా రెండు రకాలు. నాబ్ నొక్కి తిప్పినప్పుడల్లా 'టక్' మని ఒక్కసారే చప్పుడైతే అది బ్యాటరీ అక్కర్లేని రకం. లోపల చిన్న సుత్తిలాంటిది ఒక స్ఫటికాన్ని కొడుతుంది. ఆ దెబ్బకి కరెంటు పుట్టి రవ్వ వస్తుంది. మన చేతి లైటర్లు చాలావరకు పనిచేసేదీ ఇలాగే. స్ఫటికాన్ని ఒత్తితే కరెంటు పుడుతుందని 1880లో కనుగొన్నది ఫ్రాన్సులోని ఇద్దరు అన్నదమ్ములు, జాక్ క్యూరీ, పియరీ క్యూరీ. ఈ పియరీ ఎవరో కాదు, మేరీ క్యూరీ గారి భర్త!

నాబ్ నొక్కి ఉంచినంతసేపూ 'టిక్ టిక్ టిక్' మంటూ ఉంటే అది బ్యాటరీతోనో, ఇంటి కరెంటుతోనో నడిచే రకం. స్టవ్ అడుగున ఒక చిన్న పెట్టె ఉండి, అందులోంచి ప్రతి బర్నర్‌కీ ఒక వైరు వెళుతుంది.

రెండు రకాల్లోనూ బర్నర్ పక్కన తెల్లటి పింగాణీ గొట్టం, దాని కొసన సన్నటి ఇనప ముల్లు కనిపిస్తాయి. దాన్నే ఎలక్ట్రోడ్ అంటారు. మనం 'పిన్ను' అనుకుందాం. రవ్వ ఆ ముల్లు నుంచి బర్నర్ మీదికి దూకుతుంది.

కొన్ని స్టవ్‌లలో పిన్ను పక్కనే పింగాణీ లేని ఇంకో లోహపు కడ్డీ ఉంటుంది. మంట ఆరిపోతే గ్యాస్ ఆపేసే కాపలాదారు అది. మంట అంటుకుని, నాబ్ వదలగానే ఆరిపోతుంటే తప్పు ఇగ్నైటర్‌ది కాదు, ఈ కాపలా కడ్డీది. ముందు దాని కొస తుడిచి చూడండి. నాబ్ ఇంకో నాలుగు క్షణాలు నొక్కి ఉంచి చూడండి. అయినా ఆరిపోతుంటే మెకానిక్‌కి చెప్పండి.

చెవితో, కంటితో పరీక్ష

మా స్టవ్ చూడటానికొచ్చిన మెకానిక్, "లోపల సెట్టంతా మార్చాలమ్మా, అంతకంటే కొత్త స్టవ్ కొనుక్కోవడం మేలు" అనేశాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి నేనే పరీక్ష మొదలుపెట్టాను. మీరూ చెయ్యొచ్చు.

పుల్లతో ఒక పొయ్యి వెలిగించి రెగ్యులేటర్ కట్టేయండి. ట్యూబులో మిగిలిన గ్యాస్ మండిపోయి మంట దానంతటదే ఆరిపోతుంది. అప్పుడు నాబ్ ఆపండి. స్టవ్ చల్లారి, వంటగదికి గాలి ఆడాక, లైటు తీసేసి ఒక్కొక్క నాబే నొక్కి చూడండి. రవ్వ నీలంగా మెరుస్తుంది. చెయ్యి మాత్రం పిన్ను దగ్గర పెట్టొద్దు. అందులో వేల వోల్టులుంటాయి. కరెంటు తక్కువే కాబట్టి ప్రాణం మీదికి రాదు గానీ, చురుక్కుమని జివ్వున లాగుతుంది.

బ్యాటరీ రకంలో ఏ ఒక్క నాబ్ నొక్కినా సాధారణంగా అన్ని బర్నర్ల దగ్గరా రవ్వ వస్తుంది. ఇది గుర్తుంచుకుంటే సగం రోగం తెలిసిపోయినట్టే.

ఏ నాబ్ నొక్కినా అసలు చప్పుడే లేకపోతే ముందు బ్యాటరీ మార్చండి. చప్పుడు నెమ్మదిగా, నీరసంగా ఉన్నా అంతే. కొత్తది వేసినా పలకకపోతే లోపలి పెట్టె పాడై ఉండవచ్చు.

మిగతా అన్నింటికీ రవ్వ వచ్చి ఒక్కదానికే రాకపోతే ఆ బర్నర్ పిన్నో, దాని వైరో కారణం.

ఒక నాబ్ నొక్కితేనే చప్పుడు రాక, మిగతా నాబ్‌లకు వస్తుంటే ఆ నాబ్ కింద ఉన్న స్విచ్చి పాడైందన్నమాట.

నాబ్ వదిలేసినా టిక్ టిక్ ఆగకపోతే స్విచ్చిలోకి నీళ్ళు దిగాయి. బ్యాటరీ తీసేసి, నాబ్ ఊడదీసి, ఒక పూట ఫ్యాను గాలికి ఆరనివ్వండి. చాలాసార్లు ఆ పాటికే బాగైపోతుంది.

రవ్వ బాగానే వచ్చి మంట రాకపోతే బర్నర్ మూత సరిగా కూచుందో లేదో, పిన్ను ఎదురుగా ఉన్న రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. అన్నట్టు, సిలిండర్ ఖాళీ అయిందేమో కూడా!

రవ్వ ముల్లు కొసనుంచి కాకుండా పింగాణీ పక్కనుంచి దూకుతుంటే అక్కడ పగులుందన్నమాట. మా స్టవ్‌కి ఉన్న జబ్బు అదే. వెంట్రుకవాసి పగులు. పగటి వెలుతురులో మెకానిక్ కంటికి ఆనలేదు, చీకట్లో నాకు దొరికిపోయింది! కరెంటంతా ఆ పగులు దారినే పోతుండటంతో పక్క బర్నర్‌కి కూడా రవ్వ అందలేదు.

తుడిస్తేనే సగం బాగు

పాలు పొంగుతాయి, పప్పు పొంగుతుంది, గంజి కారుతుంది. మన వంటిళ్ళలో ఇది రోజూ ఉండేదే. ఉప్పూ, గంజీ కలిసిన తడి పింగాణీ మీద అట్టకట్టి కరెంటుకి దొంగదారి ఇస్తుంది. స్టవ్ చల్లారాక, రెగ్యులేటర్ కట్టేసి, బ్యాటరీ తీసి, పాత టూత్‌బ్రష్‌తో పింగాణీనీ, ముల్లునీ మెల్లగా రుద్దండి. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తండి.

ఇత్తడి బర్నర్లని చింతపండుతో తోముకోవడం మనకి అలవాటే కదా. తోమేది సింకు దగ్గర మాత్రమే. బాగా ఆరాకే తిరిగి పెట్టండి. స్టవ్ మీద చెంబుతో నీళ్ళు పోసి కడిగే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

బ్యాటరీ గదిలో తెల్లటి పొడి కనిపిస్తే సెల్ కారిందన్నమాట. చేత్తో ముట్టుకోకుండా బ్రష్‌తో దులిపి, స్ప్రింగుని గరుకు కాగితంతో కాస్త రుద్ది కొత్త సెల్ వెయ్యండి. ఊరికి వెళ్ళేటప్పుడు సెల్ తీసి పెట్టుకోవడం మంచిది.

పిన్ను మార్చడం ఎలా?

కొన్ని స్టవ్‌లలో పిన్ను ఒక క్లిప్పుతోనో, ఒక్క మరతోనో పట్టి ఉంటుంది. కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకంలో అది మనం తీసుకోవచ్చని ఉంటేనే చెయ్యి పెట్టండి. వారంటీ ఉన్నవీ, గాజు పలక ఉన్నవీ మెకానిక్‌కే వదిలేయండి.

రెగ్యులేటర్ కట్టేసి, బ్యాటరీ తీసేయండి. కరెంటుతో నడిచేదైతే ప్లగ్గు పీకేయండి. బర్నర్ తీసి పక్కన పెట్టండి. వైరు ఎక్కడ తగులుకుని ఉందో ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పాత పిన్ను ఊడదీసి దుకాణానికి పట్టుకెళ్ళండి. పొడవూ, వంపూ అచ్చంగా అలాంటిదే కావాలి. 'దాదాపు ఇలాంటిదే' పనికిరాదు. కొత్తది పెట్టేటప్పుడు మర బలంగా బిగించకండి, పింగాణీ పుటుక్కుమంటుంది. వైరు చివర గట్టిగా కూర్చోవాలి. ముల్లుకీ బర్నర్‌కీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి, అంటే సుమారు ఒక కందిపప్పు బద్ద పట్టేంత. గ్యాస్ తెరవకముందే మళ్ళీ చీకట్లో రవ్వ చూడండి.

గ్యాస్ గొట్టాలూ, జాయింట్లూ, నాబ్ వెనకాల ఉండే వాల్వూ మాత్రం మన పని కాదు. మెకానిక్ వాటిని విప్పి బిగిస్తే, వెళ్ళేముందు సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూపించమనండి. అగ్గిపుల్లతో పరీక్షించబోతే అక్కడే ఆపండి.

అమెరికా వెళ్ళే అమ్మలకు

పిల్లల దగ్గర పెద్ద గ్యాస్ రేంజ్ ఉంటుంది. పైన పొయ్యిలు, కింద ఓవెన్. పైన టిక్ టిక్ మంటుంది గానీ చాలా ఓవెన్లలో ఆ చప్పుడే ఉండదు. అక్కడ ఒక కడ్డీ ఎర్రగా కాలి గ్యాస్‌ని అంటిస్తుంది. ఆ కడ్డీ గుండా వెళ్ళే కరెంటే గ్యాస్ వాల్వుని కూడా తెరుస్తుంది. కడ్డీ ముసలిదైతే కరెంటు తగ్గుతుంది. అప్పుడు అది ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది గానీ వాల్వు తెరుచుకోదు, లేదా ఆలస్యంగా తెరుచుకుంటుంది. 'ఎర్రగానే ఉందిగా, బాగానే ఉంది' అని మోసపోకండి. ఒకటిన్నర నిమిషం దాటినా మంట రాకపోతే ఓవెన్ ఆపేసి, అబ్బాయికో అమ్మాయికో చెప్పి కడ్డీ మార్పించండి. ఆ ఓవెన్‌లో పుల్ల గీసి వెలిగించబోకండి.

ఇంతకీ మా స్టవ్ సంగతి? కొత్త పిన్ను వేశాం, కొత్త స్టవ్ ఖర్చు తప్పింది. ఇప్పుడు నాబ్ తిప్పగానే టిక్ టిక్ మంటూ వెలుగుతోంది. అయినా స్టవ్ గట్టు పక్కన మేకుకి లైటర్ వేలాడుతూనే ఉంటుంది. అది అత్తయ్యగారి ఆర్డరు! మీ లైటర్ ఎక్కడుందో, ఈ పేజీ తిప్పకముందే ఒక్కసారి లేచి చూసి రండి.