అభిజ్ఞానం

మన ప్రాచీన వాఙ్మయంలో ‘అభిజ్ఞానం’ అనే చక్కని పదముంది. గుర్తించడానికి తోడ్పడే ఆనవాలు అని దాని అర్థం. అశోకవనంలో సీతకు హనుమంతుడు అందించిన రాముని ఉంగరం అభిజ్ఞానం. శకుంతలను మరచిన దుష్యంతునికి గతాన్ని స్ఫురింపజేసినదీ ఉంగరమే. అచేతనమైన వస్తువు మనిషి హృదయాన్ని కదిలించగలదని మన కవులు ఏనాడో గ్రహించారు. ఆ సత్యానికే దూరదేశంలో శిల్పరూపమిచ్చిన కళాకారిణి లూయీస్ బూర్జ్వా.

ఆమె 1911లో పారిస్ నగరంలో జన్మించారు. గోడలకు వేలాడదీసే పాత చిత్రవస్త్రాలను బాగుచేయడం ఆమె కుటుంబవృత్తి. శిథిలమైన చోట దారంతో మరల అల్లే పనిలో తల్లి నిపుణురాలు. చినిగిపోయిన భాగాలలోని బొమ్మలను బాలిక లూయీస్ తిరిగి గీసి ఇచ్చేవారు. 1932లో తల్లి కన్నుమూశారు. 1938లో వివాహానంతరం లూయీస్ న్యూయార్క్ చేరి, 2010లో మరణించేవరకు అక్కడే నివసించారు.

ఎనిమిది పదులు దాటిన వయసులో ఆమె, ఎన్నో ఏళ్ళుగా దాచుకొన్న తన దుస్తులను, తల్లి దుస్తులను వెలికితీసి శిల్పాలలో ఉపయోగించారు. 1997 నాటి ఒక శిల్పంలో లోహపు పంజరానికి పాత చిత్రవస్త్రాల ముక్కలను అమర్చి, దానిపై ఉక్కు సాలీడును నిలిపారు. 1999లో తొమ్మిది మీటర్లకు పైగా ఎత్తుగల మరొక సాలీడును నిర్మించి, ‘అమ్మ’ అని అర్థమిచ్చే ఫ్రెంచి పేరు పెట్టారు. తెగిన గూటిని ఓర్పుతో మరల అల్లుకొనే సాలీడులో ఆమె తన తల్లిని దర్శించారు.

వస్తువులపై మమకారం బంధహేతువని పెద్దలంటారు. అది కాదనలేని మాట. అయితే పెట్టెలో మూసిపెట్టడం వేరు, చేతులతో మరల రూపమివ్వడం వేరు. మా తల్లిగారు గతించిన తరువాత ఆమె చీరలను, పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే వీధి వర్తకురాలికి వేశాము. బదులుగా ఒక పళ్ళెం వచ్చింది. ఒక్క చీరను మాత్రం మా పిన్నిగారు అడిగి తీసుకొని బొంతకు పైపొరగా కుట్టారు. నేడు ఆ పళ్ళెం ఏదో గుర్తుపట్టలేను. బొంతను కప్పుకొన్నప్పుడల్లా మా అమ్మాయి మాత్రం నాయనమ్మ ముచ్చట్లు చెప్పమంటుంది. మిగిలిన చీరలను అంత తొందరగా ఇచ్చివేసినందుకు నేను నేటికీ చింతిస్తాను.

ఉన్నవన్నీ దాచుకోవాలని నా అభిప్రాయం కాదు. ఇల్లు గిడ్డంగి కారాదు. కాని ఇంటిలోని పాతవస్తువును విడిచిపెట్టే ముందు దాని కథను పెద్దలనడిగి తెలుసుకోవడం యువతరం కనీస కర్తవ్యం. ఆ కథ తెలిసినవారికే అది అభిజ్ఞానమవుతుంది.