స్ట్రింగ్స్ కలిపితే సన్నాయి వస్తుందా?

కొంపల్లి దాటి మేడ్చల్ వైపు సాగితే హైవే పొడవునా ఫంక్షన్ హాళ్లే. అటు రాజీవ్ రహదారి మీద తూముకుంట నుంచి శామీర్‌పేట దాకా అదే వరస. లగ్గాల సీజన్‌లో సాయంత్రమైతే ఈ రెండు దారుల్లో ప్రతి గేటు ముందూ సీరియల్ లైట్లు వెలుగుతాయి. లోపల స్టేజీ మీద ఒక పక్కన 61 మెట్ల కీబోర్డు, దాని వెనకాల ఒక కుర్రాడు. గాయనికి శ్రుతి అందకపోతే ట్రాన్స్‌పోజ్ నొక్కేది అతడే. తబలా ఆయన రాకపోతే స్టైల్ పెట్టి తాళం నడిపేదీ అతడే. పాట ఎవరిదైనా, ఆ రాత్రి అతిథుల చెవిన పడేది అతడు ఎంచిన టోన్లే.

ఆ ఎంపికను మనం పని కింద లెక్కపెట్టడం లేదు. కానీ సంగీత దర్శకులు రాజ్-కోటి రికార్డింగుల్లో కీబోర్డు వాయించిన కుర్రాడే తర్వాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. మణిశర్మ కూడా కీబోర్డు ముందు కూర్చునే పని నేర్చుకున్నాడు. ఏ వాద్యం ఎక్కడ పలకాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్నది తేల్చడమే ఆ కుర్చీలో నేర్చే అసలు విద్య. ఫంక్షన్ హాల్లో మాత్రం కీబోర్డు ప్లేయర్‌కు అందే సలహా ఒక్కటే: “సౌండ్ సరిపోతలేదు తమ్మీ, ఇంకేదన్నా కలుపు.”

అతడు కలుపుతాడు. పియానో మీద స్ట్రింగ్స్, స్ట్రింగ్స్ మీద బ్రాస్. యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్900 లాంటి అరేంజర్ కీబోర్డులో కుడిచేతికి మూడు వాయిస్‌లు, ఎడమచేతికి ఒకటి ఒకేసారి పలికించే వీలుంది. వీలుంది కదా అని నాలుగూ వేసి ఉంచితే పాట పెద్దదవదు, చిక్కబడుతుంది. మాటలు వినిపించవు. గాయకుడు గొంతు పెంచుతాడు, మిక్సర్ దగ్గరున్నాయన ఫేడర్ పెంచుతాడు, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ చెవులు మూసుకుంటుంది.

కారణం యంత్రం లోపలే ఉంది. అరేంజర్ కీబోర్డులో స్టైల్ అంటే డ్రమ్స్ ఒక్కటే కాదు. యమహా పద్ధతిలో ఒక స్టైల్‌కు ఎనిమిది భాగాలు: రిథమ్ రెండు, బాస్ ఒకటి, కార్డ్ రెండు, ప్యాడ్ ఒకటి, ఫ్రేజ్ రెండు. నిలకడగా సాగే స్వరాల బాధ్యత ఆ ప్యాడ్‌దే, చాలా స్టైల్స్‌లో అక్కడ ఉండేవి స్ట్రింగ్సే. అంటే కుర్రాడు కుడిచేతి కింద స్ట్రింగ్స్ వేయకముందే స్ట్రింగ్స్ మోగుతున్నాయి! ఇతడు వేసేవి రెండోసారి. ఎడమచేతి వాయిస్‌లో కూడా అవే ఉంటే మూడోసారి. మూడూ ఒకే స్థాయిలో, గాయకుడి గొంతు ఉండే చోటనే మోగుతాయి. ఇంత గందరగోళానికి మందు ఒక్క మీట: స్టైల్‌లోని ప్యాడ్ భాగాన్ని ఆపేయడం. లేదా కుడిచేతి స్ట్రింగ్స్‌ను ఒక ఆక్టేవ్ పైకి జరిపి, వాల్యూమ్ 100 ఉన్న చోట 55కో 60కో దించడం. అంతకన్నా మంచిది అసలు కలపకపోవడం.

ఇంకో చిక్కు పాలిఫొనీ. చిన్న మోడళ్లలో ఒకేసారి పలకగల స్వరాలు 48, లేదా 64. ఎస్‌ఎక్స్900లో 128. నాలుగు మెట్ల కార్డ్ మూడు టోన్లతో నొక్కితే కనీసం పన్నెండు స్వరాలు ఖర్చు. సస్టెయిన్ పెడల్ మీద కాలు పెట్టి ఉంచితే పాతవి ఆగకముందే కొత్తవి వచ్చి చేరతాయి. పైగా స్టైల్ తన వాటా తాను తీసుకుంటూనే ఉంటుంది. పరిమితి దాటగానే యంత్రం ముందు మోగినవాటిని మధ్యలో కోసేస్తుంది. చరణం చివర వినిపించే ఆ తెగుడు స్పీకర్ తప్పని చాలామంది అనుకుంటారు.

హాలు సంగతి కూడా చెప్పాలి. రేకుల కప్పు, గాజు గోడలు, పాలిష్ చేసిన బండలు. అక్కడ చప్పట్లు కొడితేనే చాలాసేపు తిరుగుతాయి. అలాంటి చోట కీబోర్డు సొంత రివర్బ్ కూడా ఎక్కిస్తే ప్రతి టోన్ తోకా పక్క టోన్ మీద పడుతుంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తయారుచేసుకున్న సెట్టింగ్ హాలుకు పనికిరాదు. సౌండ్ చెక్‌లో రివర్బ్ సున్నాకు దించి, అక్కడినుంచి పెంచుకుంటూ రావాలి.

అలాగని ఒక టోన్ మీద మరొకటి వేసే లేయర్ తప్పు కాదు. ఆదివారం ఉదయం ఈ ప్రాంతపు చర్చిల్లో మెల్లగా సాగే ఆరాధన పాటలకు పియానో కింద మెత్తని ప్యాడ్ వేస్తారు, అది ఎంతో బాగుంటుంది. పియానో స్వరం తగిలిన వెంటనే సన్నగిల్లుతుంది, ప్యాడ్ నెమ్మదిగా లేచి నిలబడుతుంది. మొదటిది చేయలేని పని రెండోది చేస్తోంది. టోన్ కలిపే ముందు అడగాల్సింది ఇదే: ఈ రెండోది ఏ పని చేస్తుంది? బతుకమ్మ పాటకు ఆడవాళ్ల చప్పట్లే తాళం. వాటి మీద మూడు టోన్లు పరిస్తే చప్పట్లు మునిగిపోతాయి.

ఇక అసలు బాధ. మన కుర్రాళ్లు ఇన్ని టోన్లు పేర్చడానికి పెద్ద కారణం, వాళ్లకు కావలసిన ఆ ఒక్క టోన్ పెట్టెలో లేకపోవడం. 1991లో జనరల్ మిడి ప్రమాణం వచ్చినప్పుడు దాన్ని పాటించే కీబోర్డులన్నిటికీ 128 వాద్యాల పట్టిక ఖాయమైంది. అందులో మన దేశానివి 105వ నంబరు సితార్, 112వ నంబరు షెహనాయి. తబలాకు కూడా చోటు దక్కలేదు. తర్వాత యమహా పీఎస్‌ఆర్-ఐ శ్రేణి, కాసియో పేరు చివర ‘ఐఎన్’ ఉన్న మోడళ్లు భారతీయుల కోసమే వచ్చాయి. తబలా, ఢోలక్, హార్మోనియం చేరాయి. సంతోషమే. కానీ మంగళసూత్రం కట్టే వేళ మేడ్చల్ పెళ్లిలో మోగాల్సింది షెహనాయి కాదు, సన్నాయి. దాని గొంతు వేరు, గాత్రం వేరు. అందుకే ప్లేయర్ షెహనాయికి ఓబో కలుపుతాడు, బలం చాలక స్ట్రింగ్స్ కలుపుతాడు. గమకం కోసం బెండ్ వీల్ తిప్పితే సన్నాయితో పాటు స్ట్రింగ్స్ కూడా జారతాయి. తాళి కట్టే క్షణంలో సైరన్ మోగినట్టుంటుంది.

శామీర్‌పేట మీదుగా వెళ్లే ఆ రాజీవ్ రహదారే కొమురవెల్లి మల్లన్న జాతరకు దారి. ఒగ్గు డోలు మోగే నేల అది. ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య ఆ కళను సంగీత నాటక అకాడెమీ పురస్కారం దాకా తీసుకెళ్లాడు. కానీ ఏ మోడల్ కొన్నా అందులో ఒగ్గు డోలు టోన్ దొరకదు. డప్పు పేరుతో పెన్‌డ్రైవుల్లో తిరిగే శాంపుల్స్, అంటే రికార్డు చేసిన శబ్దాలు, చాలావరకు ఒకే దెబ్బను పదేపదే వినిపించేవే. అసలు డప్పును మంట మీద కాచి వాయిస్తారు. కాక తగ్గేకొద్దీ తోలు వదులై గొంతు మారుతుంది, మళ్లీ కాస్తారు. రెండు పుల్లలది రెండు రకాల దెబ్బ. ఒక్క శాంపుల్‌తో అది వచ్చే మాట కాదు.

2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటకు తమన్ దర్శనం మొగిలయ్యను పిలిపించాడు. ఏ టోన్ కావాలన్నా కొనగలిగిన సంగీత దర్శకుడు, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మనిషినే వెతుక్కున్నాడు. మరుసటి ఏడాది మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. పెళ్లిళ్లు చేసేవాళ్లు కూడా ఈ దారి పట్టొచ్చు. లైటింగ్‌కూ పూల డెకరేషన్‌కూ పెట్టే డబ్బులో కొంత తీసి, ముహూర్తం వేళకైనా సన్నాయి డోలు జోడీని పిలవొచ్చు. ఆ కాసేపు కీబోర్డు చేతులు కట్టుకుని ఉండాలి.

మిగతా సమయానికి మంచి టోన్లు కావాలి, అవి ప్రజల సొమ్ముతో తయారు కావాలి. సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం ప్రాంగణం బాచుపల్లిలో, ఈ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉంది. జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లో ఉంది. ఈ రెండూ రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖతో కలిసి సన్నాయి, డప్పు, ఒగ్గు డోలు, జమిడిక, కిన్నెర శబ్దాలను స్వరం స్వరంగా, మెల్లని దెబ్బ నుంచి గట్టి దెబ్బ దాకా రికార్డు చేయించాలి. డప్పును కాక మీద ఒకసారి, చల్లారాక ఒకసారి వాయించి రికార్డు చేయాలి. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి, చాలామంది దగ్గరున్న కీబోర్డుల్లోకి బయటి శాంపుల్స్ ఎక్కించుకోవచ్చు కాబట్టి ఆ శబ్దాలను వేవ్ ఫైళ్లుగా ఉచితంగా ఇవ్వొచ్చు. రికార్డింగుకు వచ్చిన కళాకారులకు రోజు కూలి ఇచ్చి పంపేస్తే కుదరదు. ఒప్పందం రాసి, తగిన పారితోషికం ఇచ్చి, ప్రతి ఫైలు పేరులో ఆ మనిషి పేరూ ఊరూ చేర్చాలి.