హైంజ్ భార్యని ఎవరడిగారు?

పరీక్ష హాల్లో రాసేది చదువు, బయట చెట్టుకింద మాట్లాడుకునేది ఆడపిల్లల ముచ్చట్లు. మన విశ్వవిద్యాలయాలు ఈ విభజనని ఎంత సహజంగా చేస్తాయో మనమూ అంత సహజంగా ఒప్పేసుకుంటాం. సైకాలజీ విషయంలో మాత్రం దీన్ని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను.

ఇటీవల ఒక కాలేజీలో ఇన్విజిలేషన్ చేస్తున్నప్పుడు, సైకాలజీ పేపరు రాసి బయటికొచ్చిన డిగ్రీ అమ్మాయిలు జవాబులు సరిచూసుకుంటున్నారు. కోల్‌బర్గ్ నైతిక వికాస సిద్ధాంతం ప్రశ్న అందరూ రాశారు. మూడు స్థాయిలు, ఆరు దశలు, ఉదాహరణకి హైంజ్ కథ. కేన్సర్‌తో చావుబతుకుల్లో ఉన్న భార్య కోసం, డబ్బు చాలని భర్త మందు దొంగిలించవచ్చా లేదా అన్నదే ఆ కథలోని సమస్య.

"మందుకి డబ్బుల్లేవని తెలిస్తే మా అమ్మ అసలు జబ్బుందనే చెప్పదు" అంది ఒకమ్మాయి. "మా అన్నయ్య అప్పు తీర్చడానికి మా వదిన గొలుసు తాకట్టు పెట్టారు, ఆమెని అడక్కుండానే" అంది ఇంకో అమ్మాయి. "ఇంతకీ ఆ హైంజ్ పెళ్ళాన్ని ఎవరైనా అడిగారా?" అని మూడో అమ్మాయి అనేసరికి అందరూ నవ్వారు. "ఇదంతా పేపర్లో రాశావా?" "రాస్తే మార్కులెవరిస్తారే!"

ఆ మూడో ప్రశ్న కంటే పదునైన విమర్శ ఆ రోజు ఏ జవాబు పత్రంలోనైనా ఉంటుందా? కానీ దానికి సున్నా మార్కులు.

కోల్‌బర్గ్ 1958లో షికాగోలో చేసిన పరిశోధనకి మూలాధారం మగపిల్లలు. మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన విధేయతా ప్రయోగంలో పాల్గొన్న 40 మందీ మగవాళ్ళే. 1970లో బ్రోవర్‌మన్ బృందం మానసిక వైద్య నిపుణుల్ని ప్రశ్నిస్తే, 'ఆరోగ్యవంతమైన మనిషి'కీ 'ఆరోగ్యవంతమైన పురుషుడి'కీ వాళ్ళు చెప్పిన లక్షణాలు దాదాపు ఒకటే. 'ఆరోగ్యవంతమైన స్త్రీ' మాత్రం వేరు. అంటే స్త్రీ మంచి స్త్రీగానైనా ఉండాలి, మనిషిగానైనా ఉండాలి. మేరీ కాల్కిన్స్ 1895లో హార్వర్డ్‌లో డాక్టరేట్‌కి కావలసినవన్నీ పూర్తిచేసి పరీక్షలో నెగ్గినా, స్త్రీ కాబట్టి పట్టా ఇవ్వలేదు. ఆమే 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి అధ్యక్షురాలైంది. పరీక్ష తటస్థమైనదని వాదించేవాళ్ళు ముందు ఈ చరిత్రకి జవాబు చెప్పాలి.

కారల్ గిలిగన్ 1982లోనే కోల్‌బర్గ్ కొలబద్దని ప్రశ్నించింది కదా అంటారు. నిజమే. న్యాయం భాషతోపాటు బాధ్యత, సంబంధాల భాష కూడా నైతికతే అని ఆమె చెప్పింది. అయితే ఆ మాటని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే ప్రమాదం. ఓర్పూ సేవా స్త్రీ సహజగుణాలని వేల ఏళ్ళుగా నూరిపోసిన సమాజానికి అది మరో ప్రమాణపత్రం అయిపోతుంది. పైగా కోల్‌బర్గ్ కొలతలో ఆడ, మగ స్కోర్ల మధ్య పెద్ద తేడా లేదని 1984లో లారెన్స్ వాకర్ చేసిన సమీక్ష తేల్చింది. కాబట్టి అసలు సమస్య ఆడపిల్లలకి ఎన్ని మార్కులొస్తాయన్నది కాదు. కథ ఎవరి వైపు నుంచి మొదలవుతుంది, నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది, మంచం మీద మాట లేకుండా పడి ఉండేదెవరు అన్నది. జబ్బు దాచుకున్న తల్లిది నైతిక నిర్ణయమా, అలవాటైపోయిన భయమా? కులం, డబ్బు, జెండర్ కలిసి ఆ నోరెలా నొక్కాయి? సైకాలజీ అడగాల్సిన ప్రశ్నలివి.

స్త్రీలు చెప్పుకునే మాటల్లోంచి చరిత్రని తవ్వి తీయవచ్చని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'తో నిరూపించింది. చరిత్రకి సాధ్యమైంది మనస్తత్వ శాస్త్రానికి ఎందుకు సాధ్యం కాదు?

సైకాలజీ పాఠాలు చెప్పే స్త్రీలం, ప్రశ్నపత్రాలు తయారుచేసే స్త్రీలం మనలో కొద్దిమంది కాదు. ప్రతి సిద్ధాంతం పక్కనా అది ఎవరిని చూసి తయారైందో పాఠంలో చెప్పాలి. 'ఈ సిద్ధాంతాన్ని నీకు తెలిసిన ఒక స్త్రీ జీవితంతో పరీక్షించు' అన్న ఒక్క ప్రశ్న ప్రతి పేపర్లోనూ ఉండాలి, దానికి మిగతా ప్రశ్నలతో సమానంగా మార్కులుండాలి. స్త్రీల మనసు గురించి స్త్రీలకి తెలిసింది గేటు బయటే ఆగిపోతుంటే, లోపల మనం పరీక్షిస్తున్నది మనోవిజ్ఞానాన్ని కాదు, విధేయతని.